అంగుళం మాస్టరు కుట్టుకున్న కంప్యూటరు

మా మరిది రెడీమేడ్ బట్ట ఒంటి మీద వేసుకోడు. బనియను కూడా తనే కుట్టుకుంటాడు. ఒకసారి వానలో తడిసి ఎవరింటికో వెళ్తే, పాపం వాళ్ళు కొట్లో కొన్న చొక్కా ఒకటి ఇచ్చారు. తప్పక వేసుకున్నాడు. ఇంటికొచ్చి రెండు భుజాలూ విప్పి, చంకలు సరిచేసి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి మరీ తిరిగి ఇచ్చాడు. వాళ్ళు కుట్టమని అడగలేదు. ఆ చొక్కా వాళ్ళాయనకు మళ్ళీ పట్టలేదని ఆ ఇంటావిడ ఇప్పటికీ నాకు చెబుతుంది, నేనేదో కత్తెర అందించినట్టు.

వీధిలో వాణ్ణి అంగుళం మాస్టరు అంటారు. నేను కాపురానికి వచ్చేసరికి వాడికి పదకొండేళ్ళు. కిటికీ తెర కోసి లాగు కుట్టుకున్నాడని మా అత్తగారు వీపు వాయిస్తున్నారు. నేను ఆ లాగు తిరగేసి చూశాను. కుట్టు గీత గీసినట్టుంది. "కొట్టకండి, పనికొచ్చే చెయ్యి. కావాలంటే కాజాలు నేను కుట్టిపెడతాను" అన్నాను. కొత్త కోడలి నోరు ఊరికే ఉండదు కదా. ఆ ఒక్క మాటకు నలభై ఆరేళ్ళుగా కాజాలు కుడుతున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, నేను కుట్టిన కాజాలో గుండీ జారిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

వాడు ఇరవై ఆరేళ్ళుగా యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. బట్ట తాను మడిచి పరుస్తాడు, సుద్దతో గీస్తాడు, కత్తెర వేస్తాడు. రోజుకు రెండొందల చొక్కాలు వాడి చేతి కింద నుంచి పోతాయి. మొన్నామధ్య యజమాని ఒక కోత మిషను తెప్పించాడు. తెప్పించి వీణ్ణి పిలిచాడు.

"మాస్టారూ, దీనికి సుద్దా కత్తెరా అక్కర్లేదు. కంప్యూటర్లో గీసిన బొమ్మ కావాలి. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున్నకి చొక్కా బొమ్మ తెచ్చారా, కటింగ్ బల్ల మీదే. తేలేదా, బయట గీయించుకుంటాను. మీరు గుండీల బల్ల దగ్గర కూర్చుందురుగాని."

గుండీల బల్ల అంటే, సంచుల్లో వచ్చిన గుండీలను పన్నెండేసి చొప్పున కవర్లలో వేసే చోటు. చూపు ఆననివాళ్ళనూ చేతులు వణికేవాళ్ళనూ అక్కడ కూర్చోబెడతారు. వీడికి చూపూ బాగానే ఉంది, చేతులూ బాగానే ఉన్నాయి. ఆ రోజు కంచం ముందు కూర్చుని అన్నం కెలికాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

నిజానికి బొమ్మ గీయడం వాడికి అప్పటికే వచ్చు. మిషను వస్తుందన్న గాలి కబురు విని, మూడు నెలలు సాయంత్రం క్లాసుకు వెళ్ళి నేర్చుకున్నాడు. కానీ క్లాసు అయిపోయింది. ఇంట్లో కంప్యూటరు లేదు.

"వెళ్ళి ఒక పెట్టె కొనుక్కురా. సీలు విప్పి ప్లగ్గు పెట్టుకో" అన్నాను.

"ఎవరికో తయారుచేసింది నేను కొనాలా వదినా?"

"ఎవరికో కాదురా, అందరికీ తయారుచేసింది."

"అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదు. భాగాలు ఏరుకుంటాను. నా కొలతకు నేనే కూర్చుకుంటాను."

గుండీల బల్ల నెత్తి మీదికొస్తున్నా వీడి పట్టుదల వీడిదే. క్లాసు మాస్టారి చేత భాగాల చిట్టా రాయించుకుని, మెడలో టేపు వేసుకుని బయలుదేరాడు. సంచి మోయడానికి నన్ను రమ్మన్నాడు. సలహాలకు కాదని గుమ్మంలోనే చెప్పాడు.

కంప్యూటర్ల కొట్టు ఇరుకు గది. గోడ నిండా కొక్కేలకు తీగలు, మోకాళ్ళ దాకా అట్టపెట్టెలు. జడముడిలో స్క్రూడ్రైవరు గుచ్చుకున్న ఒకావిడ కౌంటరు వెనక కూర్చుని ఉంది.

"గేములాడతారా మాస్టారూ?"

"చొక్కాలు గీస్తానమ్మా."

"వీడియోలు ఏమైనా చేస్తారా?"

"చొక్కాలేనమ్మా."

"అయితే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఎందుకు? ప్రాసెసర్‌లో ఉన్నదే చాలు."

అక్కర్లేనిది అంటగట్టలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పుట్టింది. వీడికి మాత్రం ఒక భాగం తగ్గిందని దిగులు.

ప్రాసెసరు తీసి చూపించింది. అగ్గిపెట్టెంత పలుచటి బిళ్ళ. అదే బుర్రట. మదర్‌బోర్డు మీద దాని కోసం ఒక చోటుంటుందట, ఏ ప్రాసెసరు పడితే అది ఏ బోర్డు మీద పడితే దాని మీద కూర్చోదట. "కాజాకు తగ్గ గుండీ" అన్నాను. "అంతే పెద్దమ్మా" అంది. వీడు నా వంక గుర్రుగా చూశాడు.

తర్వాత ర్యామ్. అది కటింగ్ బల్ల లాంటిదని, ఎంత పెద్దదైతే అంత పని ఒకేసారి పరుచుకోవచ్చని చెప్పింది. గీసినవి దాచుకునే డిస్కు బీరువా లాంటిదట. "బల్ల పెద్దది ఇవ్వమ్మా, బీరువా చిన్నదైనా సర్దుకుంటాను" అన్నాడు. ఆ ర్యామ్ ముక్కను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, బట్ట నాణ్యం చూసినట్టు నలిపాడు. ఆవిడ చటుక్కున లాక్కుంది.

కరెంటు అందించే పెట్టె దగ్గర చవకది చూస్తుంటే నేను ఊరుకోలేదు. "నాసి దారంతో కుట్టిన చొక్కా ఏమవుతుందో నీకు తెలియదురా? మంచిది తీసుకో." కొట్టు ఆవిడ కూడా నా పక్కే మాట్లాడింది. ఇద్దరు ఆడవాళ్ళ ముందు వాడు మంచిదే తీసుకున్నాడు.

ఇక వీటన్నిటినీ పెట్టుకునే క్యాబినెట్టు. అద్దాల గోడలవి, లోపల ఎర్రవీ పచ్చవీ దీపాలు వెలిగేవి, వరుసగా పెట్టి ఉన్నాయి.

"లోపలి కుట్లు బయటికి చూపించుకుంటారా ఎవరైనా? సిగ్గుండాలి" అన్నాడు.

"ఇదే ఫ్యాషను మాస్టారూ."

"తిరగేసి వేసుకోవడం ఫ్యాషనైతే నాకొద్దు."

నల్ల రేకుది, దీపాలు లేనిది ఒకటి ఎంచుకున్నాడు. మూత తీయించి, బోర్డు కూర్చునే చోటు నుంచి మూత దాకా టేపు పెట్టాడు. వాడు చెప్పాడు, నేను నోటుబుక్కులో రాశాను: అయిదున్నర అంగుళాలు.

మిగిలింది ప్రాసెసరును చల్లబరిచే కూలరు. ఆ ప్రాసెసరుకు ఫ్యాను జతగా రాదు, విడిగా కొనాలి. మా ముందు గదిలో వీధివాళ్ళ బట్టలు కుడతాం, రోజంతా రెండు ఇస్త్రీ పెట్టెలు వేడెక్కి ఉంటాయి కాబట్టి, ఉన్నవాటిలో పెద్దది ఇమ్మన్నాడు. రేకుల గోపురం లాంటిది, దానికో ఫ్యాను. నేను సంచి సర్దుతున్నాను. వాడే కొలిచి, వాడే రాసుకున్నాడు.

"మీ క్యాబినెట్‌లో పడుతుందా మాస్టారూ? చూసుకున్నారా?"

"అయిదున్నరలో మూడుంబావు. రెండుంబావు లూజు. ఇంకొకణ్ణి కూడా దూర్చొచ్చు."

ఆవిడ కూలరు పెట్టె వంక ఒకసారి, వాడి మెడలో టేపు వంక ఒకసారి చూసింది. "కొలతల్లో మీకు నేను చెప్పేదేముంది లెండి" అని రసీదు రాసింది. వేడి లాగే పేస్టు పూసిన కూలరు వాపసు తీసుకోబడదని ఆ రసీదు మీదే అచ్చేసి ఉంది.

గడువుకు రెండు రోజుల ముందు, శనివారం పొద్దున్న, ఇంట్లో కటింగ్ బల్ల తుడిచి కూర్చున్నాడు. టెరిలిన్ రాపిడికి పుట్టే కరెంటుకు భాగాలు పాడవుతాయి, ఆ బట్టలతో ముట్టుకోవద్దని ఆవిడ చెప్పిందని ఉతికిన నూలు చొక్కా వేసుకున్నాడు. ప్రాసెసరు మీద పెసరగింజంత పేస్టు పెట్టాడు. కూలరు బిగించాడు. తీగలు ఒక్కొక్కటే రంగు చూసి, దారి చూసి, కుట్టు దాచినట్టు దాచాడు. మీట నొక్కితే తెర వెలిగింది.

"చూశావా వదినా! రెడీమేడ్ కొనమన్నావు."

"చూశాను. మూత వెయ్యి."

మూత పడలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మోచేత్తో అదిమాడు. ఊపిరి బిగపట్టమని దానికి చెప్పేలా ఉన్నాడు. గోపురం అంగుళం మేర బయటికి పొడుచుకొచ్చింది.

నేను నోటుబుక్కు తీశాను. నా రాత అయిదున్నర. వాడి రాత మూడుంబావు. టేపు లాక్కుని కూలరు కొలిచాను. ఆరున్నర.

"ఏరా, మూడుంబావు ఎక్కడిది?"

నోటుబుక్కు లాక్కుని రెండు అంకెలూ చూశాడు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. నలభై ఏళ్ళుగా బట్ట తానును మడత మీద కోసే మనిషి. నిలువు కొలత నిండుగా రాస్తాడు, అడ్డం కొలత సగమే రాస్తాడు. వెన్ను ఇరవై అంగుళాలైతే పది అని రాసి, మడత మీద గీసి, కోసి విప్పుతాడు. పెట్టె నిలబెడితే కూలరు అడ్డంగా ఉంటుందని, చెయ్యి అలవాటుగా సగం రాసేసింది.

"కూలరును మడత పెడతావుట్రా?"

"నువ్వు కూడా సగమే రాసుంటే తేడా అప్పుడే తెలిసేది కదా!"

"నేను నిండుగా రాయడం తప్పా? మూడో తరగతిలో నాకు సగాలు నేర్పలేదు."

మూత లేకుండానే వాడుకుంటానన్నాడు. మొండిగా కూర్చుని చొక్కా గీయడం మొదలుపెట్టాడు. మా ముందు గదిలో గాలి కంటే నూలు పోగులే ఎక్కువ. పది నిమిషాలు కాలేదు, నీలం దారం ఒకటి ఎగిరి ఫ్యానులో చుట్టుకుంది. గుర్రుమని ఫ్యాను ఆగింది. ఇంకాసేపటికి వేడెక్కి కంప్యూటరు ఆరిపోయింది. సగం గీసిన కాలరు దాంతోపాటే పోయింది. శనాదివారాలు కొట్టుకు సెలవు, మళ్ళీ సోమవారం గాని తెరవరు.

వాడు టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పడుకునేటప్పుడు తప్ప వాడు టేపు తీయగా నేను చూడలేదు.

"పోనీలే వదినా. గుండీలే లెక్కపెట్టుకుంటాను."

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, చంకలో పట్టేసిందని ఎవరైనా చొక్కా తెస్తే గుమ్మంలోంచి తరిమేస్తావా?"

"ముక్క వేస్తాను."

"మరి దీనికి వెయ్యవేం?"

నా వంక చూశాడు. పొడుచుకొచ్చిన కూలరు వంక చూశాడు. టేపు మళ్ళీ మెడలోకి వెళ్ళింది.

రేకు మూత పక్కన పెట్టేశాం. దాని కొలతకు, ఈసారి నిండు కొలతకు, గుడారం బట్టతో చట్రం కోశాడు. నడుమ గాలి ఆడేలా దోమతెర బట్ట రెండు పొరలు వేసి, కూలరు ఉన్నచోట కుచ్చిళ్ళు పోసి పొట్టలా వదులు వదిలాడు. మూత బిగించే మరలు నాలుగు. ఆ నాలుగు చోట్లా నాలుగు కాజాలు నేను కుట్టాను. మందం బట్ట, సూది దిగదు. రెండు సూదులు విరిగాయి. మరలు కాజాల్లోంచి దూరి బిగుసుకున్నాయి. ఫ్యానులోంచి దారం లాగేసి మీట నొక్కాడు. తెర బట్ట కొంచెం లోపలికి పీల్చుకుంది, పోగులన్నీ దాని మీదే ఆగిపోయాయి. కంప్యూటరు నెలలు నిండినదానిలా నిలబడింది గానీ, హాయిగా ఊపిరి తీసుకుంది.

ఆదివారమంతా గీశాడు. ముందు భాగం రెండు ముక్కలు, చెయ్యి, కాలరు, వెన్ను. సాయంత్రానికి అయిపోయిందని ఒళ్ళు విరుచుకుని, నేనిచ్చిన టీ అందుకుంటూ కంప్యూటరు పొట్ట వంక చూశాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వదినా."

"ఏం, మళ్ళీ ఆగిందా?"

"కొత్త మిషను తానును మడవదు. విప్పి పరిచి కోస్తుంది."

"అయితే?"

"నేను వెన్ను సగమే గీశాను."

క్లాసులో నేర్పారట, సగం గీశాక ఒక మీట నొక్కితే అద్దంలో నీడలా రెండో సగం వస్తుందని. మడత అలవాటు ఉన్న చెయ్యి ఆ మీట దాకా పోనేలేదు. అలాగే తీసుకెళ్ళి ఉంటే, సోమవారం పొద్దున్న యజమాని కళ్ళ ముందే ఆ మిషను సగం వీపు చొక్కా కోసి ఇచ్చేది. ఆ మీట నొక్కాడు. తెర మీద వెన్ను నిండుగా విచ్చుకుంది. చల్లారిన టీ తాగేశాడు.

మర్నాడు మిషను చొక్కా కోసింది. యజమాని ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, భుజాలు పట్టి లాగి, కుట్టేవాళ్ళ బల్లకు పంపించాడట. గుండీల బల్ల మాట మళ్ళీ ఎత్తలేదు. కటింగ్ బల్ల మీద వీడి సుద్దపెట్టె ఉన్నచోటే ఉంది.

ఆ వారంలోనే యజమాని, కంప్యూటరు చూస్తానని మా ఇంటికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేంటి మాస్టారూ, దీనికి పొట్టొచ్చింది?"

"కొలతకు కుట్టినది సార్. కొట్లో దొరకదు."

"ఈ ప్రాసెసరు ఏ రకం? ర్యామ్ ఎంత వేశారు?" అని అడిగాడు. వీడు ఛాతీ పొంగించి అన్నీ చెప్పాడు. కరెంటు పెట్టె మంచిది ఏరానని కూడా చెప్పాడు, అది తన ఆలోచనే అన్నట్టు. ఇప్పుడు అడ్డం కొలత ఏది రాయాలన్నా నోటుబుక్కు నా చేతికే ఇస్తాడు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మొత్తం మీద అరగంట మాట్లాడుకున్నారు. మూతను పట్టి ఉంచిన నాలుగు కాజాల గురించి ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను.