రంగు ముందా, టెస్ట్ ముందా? ఉయ్యూరు షెడ్డుకు ఒక రోజు

మా ఆఫీసు విజయవాడలో. ఉయ్యూరు దాటాక ఉన్న మా షెడ్డులో ఆవిరి ట్యాంకులు తయారవుతాయి. అక్కడ ఏ పని ఎప్పుడు మొదలైందో అక్కడి సాఫ్ట్‌వేర్ మా సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది. మొన్న ఒక ట్యాంకుకు రంగు ముందు, ప్రెషర్ టెస్ట్ తర్వాత అని వచ్చింది. రంగు పడ్డాక టెస్ట్ చేస్తే అతుకుల్లో కన్నాలున్నా బయటపడవు. అక్కడి సూపర్‌వైజర్ వరలక్ష్మి గారు కన్నాలను కావాలనే కప్పిపుచ్చారని మా మేనేజర్ తేల్చేశారు. ఆవిడ ఉద్యోగం, నేను వెళ్లి చూసి సాయంత్రం చెప్పే మాట మీద ఉంది. నిజం చెప్పాలంటే, నేనూ ఆవిడ తప్పే అనుకున్నాను.

కబురు పెట్టకుండా ఏడున్నరకే బస్టాండులో ఉయ్యూరు బస్సెక్కాను. బెంజ్ సర్కిల్, పెనమలూరు, కంకిపాడు మీదుగా గంట పైనే పట్టింది. దిగాక షేర్ ఆటో. షెడ్డు పేరు చెప్పగానే డ్రైవరు "చెకింగాండీ?" అన్నాడు. వీడికెందుకూ అనుకున్నాను. షెడ్డులో అడక్కుండానే ఇడ్లీ, కాఫీ వచ్చాయి. గుమ్మడికాయల దొంగ సామెత గుర్తొచ్చి, ఇడ్లీ రుచిగా ఉన్నందుకు కూడా అనుమానపడ్డాను.

ట్యాంకు పైనంతా నిగనిగలాడే రంగు. ఎందుకిలా జరిగిందని అడిగితే వరలక్ష్మి గారు తడుముకోలేదు. టెస్ట్ సోమవారం సాయంత్రం. రంగు మంగళవారం వేయాలి. కానీ పెయింటరు మంగళవారం ఏ పనీ మొదలుపెట్టడు. అందుకని సోమవారం పొద్దున్నే ట్యాంకు కాలికి ఒక్క గీత రంగు పూసి, పని మొదలైందనిపించుకున్నాడట. ఆవిడ అదే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించారు. వినడానికి బాగానే ఉంది గానీ నేను నమ్మలేదు. అతుకుల మీద రంగు గీకించి మళ్లీ టెస్ట్ పెట్టమన్నాను. ఆవిడే గరుకు కాగితం అందుకుని మొదలుపెట్టారు. మధ్యాహ్నం నీళ్లు నింపి ఒత్తిడి పెంచారు. ఆ తర్వాత గేజి ముల్లు కిందికి దిగలేదు. ఒక్క చుక్క కారలేదు. నాకు సిగ్గేసింది.

ఫోన్‌లో మేనేజర్ శాంతించి, అయితే ఆ వరుస మార్చి ఎక్కించమనండి, గొడవుండదు అన్నారు. స్పీకర్‌లో విన్న ఆవిడ చేతులు తుడుచుకుంటూ అన్నారు:

"మార్చనండీ. జరిగిందే ఎక్కించాను. ఇప్పుడు మారిస్తే, మీరు అనుమానపడ్డ పని నిజంగానే చేసినట్టవుద్ది."

 వరుస అలాగే ఉంది, ఆవిడా అక్కడే ఉన్నారు.

పని మొదలైన వేళే కాదు, ముగిసిన వేళ కూడా పంపేలా ఇప్పుడు రెండు సాఫ్ట్‌వేర్లకూ మాట కలిపాం. అయినా రెండు యంత్రాలు చెప్పుకున్న కబురు విని ఒక మనిషిని దొంగను చేసేశామే అన్నది ఇంకా గుచ్చుతూనే ఉంది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: బస్సు వేళలు చూసుకునే ముందు అక్కడివాళ్లకు ఒక ఫోన్ చేయండి. ఎందుకలా చేశారని అడగడానికి టికెట్ అక్కర్లేదు.