బండి ఎనుక రాసిన పేరు

సుల్తానాబాద్ల పెద్ద రోడ్డు పొంటి, టైర్ల దుకాణం పక్కకు ఒక రేకుల షెడ్డు ఉన్నది. నెత్తి మీద ‘ముష్తాక్ పెయింటర్’ అని బోర్డు. గోదావరిఖని బొగ్గు లారీ కానీ, కరీంనగర్ రాళ్ల లారీ కానీ, వడ్లు మోసే ట్రాక్టర్ కానీ, ఎనుక డాలా మీద కింది మూలకు చూస్తే అదే పేరు కనబడుతది. ఆ పేరు చాందా దాకా పోయింది, నాగపూర్ దాకా పోయింది. ముష్తాక్ మాత్రం మంచం దిగి షెడ్డు బయటికి వచ్చుడే తక్కువ.

ఆయన చెయ్యి వణుకవట్టి ఏండ్లాయె. చాయ్ గ్లాసు పడితే సగం లుంగీ తాగుతది. ఇగ కుంచె ఏం పడుతడు. డాలాల మీది నెమళ్లు, గులాబీలు, నంబర్లు, కిందమీద అక్షరాలు, అన్నీ ఆయన భార్య షహర్ బానో చేతివే. చెయ్యి మంచిగున్న రోజుల్ల సుత ఆయన గీత గీసి చాయ్ తాగ పోతే లోపల రంగు నింపింది ఆమెనే. రెండో తరగతిల బడి ఇడిసిపెట్టిన మనిషి, అక్షరాలను చదివిన దానికన్న గీసింది ఎక్కువ. పని పూర్తయినంక చిన్న కుంచె తీసి, మూలకు కూసొని, మొగని పేరు రాసేది. డ్రైవర్లు వచ్చి చూసి, “ముష్తాక్ భాయ్ చెయ్యి గట్లనే ఉన్నది, ఏం తప్పలే” అని మంచం దిక్కు సలాం కొట్టి పోయేటోళ్లు. ముష్తాక్ సలాం తీసుకునేటోడు. సొమ్మొకడిది సోకొకడిది.

షహర్ బానో నోరు మంచిది కాదని ఊరంత అంటది. మంచి నోరున్నోళ్లకు ఊరు ఏం పెట్టిందో ఆమె చూసింది, అందుకే ఆ నోరు ఆమెకు వద్దనిపించింది.

ఆ చలికాలం భానుప్రసాద్ ఒక పాత మారుతి బండి తెచ్చి షెడ్డు ముంగట ఆపిండు. రైస్ మిల్లుల మోటార్లు చూసుకునే పిలగాడు. పక్క దుకాణం మెకానిక్ నదీమ్, ఇతను, ఇతని అక్క దీపిక, ముగ్గురికి రేసుల పిచ్చి. ఐతారం వస్తే నదీమ్ దుకాణంల టీవీ ముంగట కూసొని ఏ దేశంల ఏ బండి ఎట్ల మలుపు తిరిగిందో చూస్తరు, తిండి సుత యాదికుండదు. ఇప్పుడు సొంతంగ ఒక బండి తయారు చేసిండ్రు. బోథ్ దిక్కు పత్తి ఏరిన చేన్లల్ల మట్టి రేసు పెడుతున్నరట, అండ్ల దింపాలె. ఇంజన్ అయింది, టైర్లు అయినయి. ఇగ రంగే మిగిలింది. రంగు కాడ ముగ్గురికి పడలే.

“రేసు బండంటే ఎర్రది. మాట ఒడిసింది,” అన్నడు భాను.

“ఎర్రగుంటే ఫైరింజన్ అనుకొని పక్కకు జరుగుతరు. గట్ల గెలుస్తవా?” అన్నది దీపిక. ఫోన్ల ఒక పాత బొమ్మ తీసి చూపెట్టింది. “గిది చూడు. ఆకాశం నీలం, నడుమ నారింజ పట్టి. ఇంత అందమైన బండి మల్ల రాలే.”

“అది బండి కాదక్కా, స్కూల్ యూనిఫాం,” అన్నడు నదీమ్. “నలుపు, దాని మీద సన్నగ బంగారు గీత. పెండ్లికొడుకు షేర్వానీ లెక్క. దాన్ని మించింది పుట్టలే.”

“నీ నల్లబండి చీకట్ల పెడితే నువ్వే దేవులాడుకోవాలె,” అన్నది దీపిక.

“వెండి రంగు సంగతేంది మరి?” అన్నడు భాను.

“వెండి రంగు బీరువాకు మంచిగుంటది.”

షహర్ బానో బకెట్ బోర్లేసి కూసొని అన్ని బొమ్మలు చూసింది. కండ్లద్దాలు పైకి కిందికి జరిపింది. “అన్ని సిగరెట్ డబ్బలోలె ఉన్నయి,” అన్నది.

దీపిక పడి పడి నవ్వింది. “నిజంగనే సిగరెట్ కంపెనీల రంగులే చాచీ, ఎన్కట వాళ్లే పైసలు పెట్టేటోళ్లు.”

“అట్లనా. ఈ నీలం బండి తోలినోడు ఎవడు?”

ముగ్గురు ఒక్కసారే చెప్పిండ్రు. ఏ ఏడు, ఏ ఊరు, ఎంత స్పీడు, అన్నీ చెప్పిండ్రు.

“ఇంజన్ ఎవలది?” చెప్పిండ్రు. “టైర్లు?” అవీ చెప్పిండ్రు.

“రంగేసిందెవలు?”

భాను నదీమ్ దిక్కు చూసిండు. నదీమ్ ఫోన్ల చూసిండు. ఫోన్ల సుత లేదు.

“ఎవలో ఉంటరు గద చాచీ,” అన్నడు నదీమ్.

“ఎవలో,” అన్నది షహర్ బానో. “ఆ ఎవలో అనేది నేనే. ఇగ బండి లోపట పెట్టి పోండ్రి. రంగు నేను చూసుకుంట.”

“చాచీ, నెమలి మాత్రం వద్దు,” అని బతిమాలిండు భాను. “లారీ లెక్క కొడతది.”

“లారీకేం రోగం? నీ టీవీల బండ్లు తిరిగి తిరిగి బయలుదేరిన కాడికే వస్తయి. లారీ నాగపూర్ పోతది.”

నెమలి ఎయ్యలే గని, వాళ్లు అడిగింది సుత ఎయ్యలే. పై సగం పండిన మామిడి పసుపు. కింది సగం రేగడి నలుపు, ఎంత బురద పడ్డా ఎరుక కాకుండ. రెండిటి నడుమ మిరపపండు ఎరుపు గీత, ముంగట సన్నగ మొదలై ఎనుకకు వచ్చేటాలకు జాన వెడల్పు. ఆ గీతను పట్టీ అంటించకుండ, శ్వాస బిగవట్టి, ఒక్క ఊపుల గుంజింది. ముగ్గురు వచ్చి చూసిండ్రు. నలుపు వచ్చిందని నదీమ్, ఎరుపు వచ్చిందని భాను ఊకున్నరు. “నా నీలం ఏది?” అన్నది దీపిక. “పైకి చూడు, ఉన్నంత ఉన్నది,” అన్నది షహర్ బానో.

బండి పోయేటానికి రెండు దినాల ముంగట ఆమె చిన్న కుంచె తీసింది. డిక్కీ మీద కుడి మూలకు కూసుంది. ముష్తాక్ అని రాసే చెయ్యి ‘ము’ దిక్కే పోవట్టింది, ఆపింది. ‘పెయింటర్ షహర్ బానో, సుల్తానాబాద్’ అని రాసింది.

ముష్తాక్ మంచం మీదికెల్లి చదివిండు. “ఇదేంది?”

“పేరు.”

“దుకాణం పేరు నాది.”

“దుకాణం మీద ఉండనీ. ఎవలు తీసిండ్రు?”

“లోకం ఏమనుకుంటది? ముష్తాక్ చచ్చిండు, పెండ్లాం బేవా అయి కుంచె పట్టింది అనుకుంటరు. నా ఇజ్జత్ ఏంగావాలె?”

“బతికే ఉన్నడని కింద రాయమంటవా? జాగ ఉన్నది.”

ముష్తాక్ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆమె అన్నం ఎప్పటి లెక్కనే కలిపి పెట్టింది గని, కూరల జర కారం ఎక్కువేసింది.

తెల్లారి విత్తనాల దుకాణం హనుమండ్లు వచ్చిండు. బండి టైర్లు కొనిచ్చింది ఆయననే. దుకాణం పేరు అచ్చేసిన ఒక పెద్ద స్టిక్కర్ తెచ్చుకున్నడు. బండి చుట్టు తిరిగి, ఎనుక ఆగిండు.

“బీబమ్మా, ఈడ నా స్టిక్కర్ పడాలె. నీ పేరు జర లోపటికి జరుపుకో. తలుపు లోపల రాసుకో, ఎవలు వద్దన్నరు?”

“తలుపు పైన నువ్వే పెట్టుకో. రెండు తలుపులు నీయే. టాపు సుత తీసుకో.”

“తలుపులు దుమ్ముల కనబడయి. బండి ఉరికినంక లోకానికి కనబడేది ఎనుకనే గద.”

“అందుకే ఆడ రాసుకున్న.”

“రంగేసినందుకు నీకు కూలి ముట్టింది గద తల్లీ. ఇగ పేరెందుకు?”

“నీ గింజలకు పైసలు ముడుతయి గద. సంచి మీద నీ బొమ్మ ఎందుకేసుకున్నవు?”

హనుమండ్లు భాను దిక్కు చూసిండు. భాను నేల దిక్కు చూసిండు. షహర్ బానో లేచి, మూలకున్న థిన్నర్ డబ్బ, గుడ్డ తెచ్చి బండి ముంగట పెట్టింది.

“పేరు తుడుస్తరా, తుడువుండ్రి. ఎనుక మొదలుపెట్టి ముంగటి దాక మొత్తం తుడువుండ్రి. పేరు లేకుంటే రంగు లేదు. ఉత్త ఇనుప బండే తీసుకపోండ్రి.”

ఎవ్వరు డబ్బ ముట్టలే. తలుపుల మీదనే పెట్టుకుంటమని భాను అన్నడు. హనుమండ్లు స్టిక్కర్ చుట్టుకొని, ఏమనకుండ పోయిండు. ఏమనకుండ పోయినోన్ని నమ్మొద్దని ఆమెకు ఎరుకే. అందుకే, “నేను సుత బోథ్ వస్త,” అన్నది. చిన్న కుంచె, ఎర్రరంగు డబ్బ సంచిల పెట్టుకున్నది. మంచం మీదికెల్లి ముష్తాక్, “నిర్మల్ మీదికెల్లే పోతరా? గా దిక్కు పోక మస్తు దినాలాయె,” అన్నడు. అలిగి పండుకున్నంక ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. మొగడు పెండ్లాలిద్దరిని డీసీఎం వ్యాన్ల ముంగట ఎక్కించుకున్నరు, ఎనుక బండి.

బోథ్ కాడ చేను చూస్తే జాతర లెక్క ఉన్నది. పాత టైర్లు వరుసగ పెట్టి తొవ్వ చేసిండ్రు. బండ్లు ఒకదానెనుక ఒకటి వచ్చి నిలవడ్డయి, పోరగాండ్లు చుట్టు మూగి ఏ బండి రంగు మంచిగున్నదని కొట్లాడుతున్నరు. ఒకడు తెల్లబండి అంటడు, ఒకడు నీలంది అంటడు. నెత్తికి రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన ఇటే ఏలు చూపెట్టి, “పివ్ళీ గాడి, పివ్ళీ గాడి,” అనవట్టిండు. మరాఠీ పసుపు అయినా ఆమెకు తెలిసింది. కొంగు సర్దుకొని బండి ఎనుకకు పోయింది.

పేరు లేదు. పేరు మీద హనుమండ్లు స్టిక్కర్ ఉన్నది, సందు లేకుండ.

భాను హెల్మెట్ చేతుల పట్టుకొని నిలవడ్డడు. “చాచీ, పొద్దుగాల హనుమండ్లు ఫోన్ చేసి మస్తు ఒత్తిడి పెట్టిండు, స్టిక్కర్ ఇచ్చి మనిషిని పంపిండు. టైర్లు వాపస్ అడిగిండు. రేసు అయినంక తీసేస్త, ఒట్టు.”

ఆమె తిట్టలే. తిడుతదని అందరు చూసిండ్రు, తిట్టలే. మూల కాడ గోరు పెట్టి స్టిక్కర్ ఎత్తింది. మొన్ననే ఏసిన రంగు, సరిగ ఆరలే. గమ్ముతోని పాటు పేరుకు పేరే లేచి వచ్చింది. డిక్కీ మీద పసుపు పోయి ఇనుము తేలింది, స్టిక్కర్ ఎనుక ‘షహర్ బానో’ తిర్రమర్ర పడి ఉన్నది.

నదీమ్ తల పట్టుకున్నడు. ఆడ మైకుల వీళ్ల బండి నంబర్ పిలువవట్టిండ్రు.

“చాచీ, టైమైంది. రాకుంటే పేరు కొట్టేస్తరు,” అన్నడు భాను.

“నా పేరు నువ్వు కొట్టేసినవు గద. ఎట్లుంటదో నువ్వు సుత జర చూడు.”

సంచిలకెల్లి రంగు డబ్బ తీసింది. చేనుల మట్టి మీదనే కూలవడ్డది. మైకుల రెండోసారి పిలిచిండ్రు. ఆమె కుంచె ముంచి, డబ్బ అంచుకు రాసి, మల్ల ముంచింది. ఈసారి మూలకు రాయలే. డిక్కీ ఈ చివరకెల్లి ఆ చివర దాక, లారీ అక్షరాలంత రాయవట్టింది. దీపిక ఉరికిపోయి మైకు ఆయనతోని ఏదో లొల్లి పెట్టుకున్నది. గాలికి డబ్బ ఒరుగుతుంటే ఒక చెయ్యి వచ్చి పట్టుకున్నది. ఆ చెయ్యి వణుకుతున్నది. డబ్బ సుత వణికింది, రంగు రెండు చుక్కలు మట్టిల పడ్డది. ఆమె తల ఎత్తలే.

“ఆ ‘ష’ వంకర పోయింది,” అన్నడు ముష్తాక్.

“నువ్వు కదిలిస్తున్నవు. సక్కగ పట్టు.”

ఆఖరి అక్షరం అయి ఆమె లేచేటాలకు భాను బండ్ల ఉన్నడు. బండి ఉరికింది. దుమ్ము లేచింది, రేగడి దుమ్ము, పొగ లెక్క. ఆ దుమ్ములకెల్లి ముందు పసుపు కనబడ్డది, తిరిగినప్పుడు ఎరుపు కనబడ్డది, ఎనుక తిరిగి పోయేటప్పుడు పేరు కనబడ్డది. చదువచ్చినోళ్లు బిగ్గరగ చదివిండ్రు. షహర్ బానో చేతులు కట్టుకొని విన్నది.

కప్పు రాలే. భాను రెండు టైర్లు గుద్దిండు. మంచి రంగున్న బండికి పెట్టిన ఇనాం సుత నిజామాబాద్ తెల్లబండికి పోయింది. “తెల్లగ సున్నమేస్తే గోడ అంటరు, బండి అనరు,” అన్నది షహర్ బానో, ఇచ్చేటోళ్లకు వినబడేటట్టు. హనుమండ్లు టైర్లు వాపస్ తీసుకున్నడు, అరిగినయే తీసుకున్నడు. స్టిక్కర్ మాత్రం వాపస్ అడుగలే.

పచ్చి రంగు మీద ఆ చేనంత దుమ్ము పడి, అక్షరాలు నల్లగ, గరుకుగ, ఏలు పెడితే తగిలేటట్టు ఎండినయి. నదీమ్ కడిగి చూసిండు, పోలే. రుద్ది చూసిండు, పోలే. “పోదు,” అన్నది షహర్ బానో, “సబ్బు ఖరాబు చెయ్యకు.”

వారం తిరుగక ముందే రాయమల్లు తన బొగ్గు లారీ తెచ్చి షెడ్డు ముంగట పెట్టిండు. డాలాకు కొత్త రంగెయ్యాలె. అంత మాట్లాడుకున్నంక మెల్లగ అన్నడు, “ఎనుక మాత్రం ముష్తాక్ భాయ్ పేరే రాయి అమ్మా. ఆ పేరు నాకు కలిసి వచ్చింది.”

“గట్లయితే రంగు సుత ముష్తాకే ఏస్తడు. అడుగు.”

రాయమల్లు మంచం దిక్కు తిరిగిండు. “ఏం భాయ్, ఏస్తవా?”

ముష్తాక్ రెండు చేతుల చాయ్ గ్లాసు పట్టుకొని, నెమ్మదిగ ఊదుకొని, ఒక గుటక తాగిండు.

“నాకు పుర్సత్ లేదు,” అన్నడు. “ఆమెనే అడుగు.”