పళ్ళు కుట్టుకునే పుల్లతో ట్యాబ్ బాగుచేసిన బాబాయి గారు

మా కింది ఫ్లాట్ బాబాయి గారు పోయారని నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఒమాన్‌లో మేముండే సహం ఊళ్ళోని తెలుగువాళ్ళ గ్రూపులో ఒకాయన పెట్టాడు: "బాబాయి గారు పొద్దున్న హార్ట్ ఎటాక్‌తో పోయారంట. నా ఫోను ఆయన దగ్గరే ఉంది. ఎవర్ని అడగాలి?" దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. ఆ దండాల మధ్యలో ఇంకొకడు దూరాడు: "నాది కూడా అక్కడే ఉంది బ్రదర్." నేను హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నాను. ఒక పేషెంటు కాలి పుండుకి కట్టు మార్చి, చేతులు కడుక్కుని, ఫోను తీశాను. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో చీమూ నెత్తురూ చూసి నాకెప్పుడూ వాంతి రాలేదు. ఆ మెసేజ్ చదివితే వచ్చినంత పనైంది.

ఆయన్ని మా హాస్పిటల్ మార్చురీకే తెచ్చారు. డ్యూటీ దిగి వెళ్ళాను. పిన్ని గారు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన కంపెనీ కాగితాలు చూసే మందూబ్ నిలబడి ఎవరితోనో అరబ్బీలో మాట్లాడుతున్నాడు. లోపలికి వెళ్ళి ముందు ఆయన చేతులే చూశాను. గోళ్ళ కింద నలుపు ఎప్పటిలాగే ఉంది. అప్పుడు కూడా నాకు ముందు చిరాకే వచ్చింది, ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను మంచితో పాటు రోత కూడా చెబుతాను. రోత తీసేస్తే ఆయనలో సగం మిగలదు. బాబాయి గారంటే మాకు చుట్టం కాదు. ఆయనది కాకినాడ, మాది నరసాపురం దగ్గర పల్లె. వాళ్ళు పూజలు చేసుకుంటారు, మేం చర్చికి వెళతాం. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పేసి, చిల్లుల బనీను, లుంగీతో కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఊళ్ళో వాళ్ళ ఫోన్లకి, ట్యాబ్‌లకి జైల్‌బ్రేక్ చేసేవారు. కంపెనీవాడు వేసిన తాళం తీసేసి, వాడు వద్దన్న పనులు కూడా ఫోను చేత చేయించడమన్నమాట.

ఆయన టేబులు మీద చెయ్యి ఆనించేదాన్ని కాదు. టీ తాగిన గ్లాసుల అడుగున చీమలు, కీబోర్డు సందుల్లో కారప్పూస పొడి. మనిషి ఏదో ఒకటి నములుతూనే ఉండేవారు. ఫోను చేతికివ్వగానే బొటనవేలు నాలుక మీద అద్దుకుని స్క్రీను తుడిచేవారు. "అయ్యో బాబాయి గారూ, ఎంగిలండీ" అంటే, "ఎంగిలి కాదమ్మాయ్, ఎవడి ఫోనైనా దీనికన్నా మురికే" అనేవారు. అది నిజమే. చేతులు కడుక్కోకుండా ముట్టుకునే వస్తువుల్లో ఫోనే మొదటిదని నేనే వార్డులో అందరికీ చెబుతుంటాను. కానీ నిజమైతే మాత్రం నాకుతారా?

ఆయన దగ్గరికి నేను వెళ్ళాల్సి రావడానికి కారణం మా అక్క. అక్కకి పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. బడికి పంపలేదు. మా ఇంట్లో మేం కల్పించుకున్న సైగలతోనే పెరిగింది. మా ఊళ్ళో చర్చి పక్కన చిన్న ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ ఉంటుంది. అమ్మ పోయాక ఆ సైగలు పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఫోనులో అక్కతో ఏం మాట్లాడతాను? దాని చేతులు కనిపిస్తేనే నాకు మాట. అందుకని దానికి ఇండియాలోనే ఒక ట్యాబ్ కొనిపించి, నాకు దుబాయ్ నుంచి ఒకటి తెప్పించుకున్నాను. తీరా చూస్తే నా దాంట్లో వీడియో కాల్ లేదు. గల్ఫ్‌లో అమ్మే వాటికి అది తీసేసి అమ్ముతారట. మిగతా వీడియో కాల్ యాప్‌లు ఆ రోజుల్లో ఇక్కడ కలిసేవి కావు, కలిసినా బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. ముక్కు కోసిన పిల్లని పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు, ఇంత సొమ్ము తీసుకుని ఇదా ఇచ్చేది అని ఒళ్ళు మండిపోయింది. ఎవరో బాబాయి గారి పేరు చెప్పారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన చదువుకున్న డాక్టరులాగా ప్రశ్నలు వేశారు. బ్యాకప్ తీశావా? లాక్ నంబరు తీసేశావా? పోతే వెతికిపెట్టే ఆప్షన్ ఆఫ్ చేశావా? చార్జింగు సగానికి పైన ఉందా? అన్నిటికీ ఔనన్నాను. కంప్యూటరుకి కట్టారు. ట్యాబ్ ఉన్నట్టే కంప్యూటరుకి తెలియలేదు. వైరు మార్చారు, రంధ్రం మార్చారు, తెలియలేదు. అప్పుడు ట్యాబ్ చార్జింగు రంధ్రంలోకి ఒక కన్నుతో చూసి, "హ్యాండ్‌బ్యాగులో పడేస్తావు కదూ? నిండా దూది" అన్నారు. అని, నోట్లో ఉన్న పుల్ల తీశారు. అప్పటిదాకా దాంతో పళ్ళు కుట్టుకుంటున్నారు. దాన్ని లుంగీకి ఒకసారి రాసి, నా ట్యాబ్ రంధ్రంలో పెట్టి, మెల్లిగా తిప్పి, బూడిదరంగు ఉండ ఒకటి బయటికి లాగారు. మళ్ళీ కట్టగానే కంప్యూటరు టింగుమంది. నేను ఆ పుల్ల వైపే చూస్తున్నాను. ఆయన దాన్ని తిరిగి నోట్లో పెట్టుకున్నారు.

పని పూర్తయ్యాక పరీక్షకి అక్కకి కాల్ చేశాం. అక్క కనబడింది. అమ్మ పోయిన తర్వాత మేమిద్దరం అంత సేపు మాట్లాడుకోవడం అదే మొదలు. నేను ఏడుస్తుంటే అక్క నన్ను వదిలేసి నా భుజం వెనక్కి చూసి నవ్వడం మొదలుపెట్టింది. వెనక బాబాయి గారు పుల్లతో దవడ పన్ను లోతుల్లోకి దిగి ఉన్నారు. అక్క మనుషులకి పేర్లు పెట్టదు, చూసిన గుర్తునే పేరు చేస్తుంది. పాస్టరు గారంటే గడ్డం నిమరడం, నేనంటే చేతులు రుద్ది రుద్ది కడగడం. ఆ రోజు నుంచి బాబాయి గారంటే దవడలోకి వేలు పెట్టి కుట్టుకోవడం. ప్రతి శుక్రవారం కాల్‌లో ముందు ఆ వెగటు సైగ చేసి, బాగున్నారా అని అడిగేది.

ఆయన మాటలు కొన్ని ఊళ్ళో అందరికీ నోటికి వచ్చు. ఏది పాడైనా ముందు "మాఫీ ముష్కిల్" అనేవారు, కష్టమేం లేదని. "బ్యాకప్ తీయకుండా ఫోను ఇచ్చేవాడు ఇంటికి తాళం వేయకుండా తీర్థానికెళ్ళేవాడు" అనేవారు. అప్‌డేట్ అంటే ఆయనకి కొత్తల్లుడు, వస్తూనే ఇంట్లో ఏది మార్చమంటాడో తెలియదు. అన్నీ బాగుచేసేవారని చెప్పను. ఒక కుర్ర ఇంజనీరు ఫోను ఆయన చేతిలోనే చచ్చిపోయింది, మళ్ళీ వెలగలేదు. "చంపేశాను, నా పొరపాటే" అని అతని మొహం మీదే చెప్పారు. సినిమాలూ గేములూ ఫుకట్‌గా కావాలని వచ్చేవాళ్ళని చూస్తే మాత్రం ఆయనకీ రోతే. చేసిచ్చేవారు గానీ, "పక్కింటి గోడ దూకడానికి నా నిచ్చెన కావాల్సొచ్చింది" అని సణిగేవారు.

ఇక ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చీ ఆ రోజే. చర్చి నుంచి వచ్చి అన్నం వడ్డిస్తుంటే మా ఊరి పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, మీ అక్కకి పొద్దుటి నుంచి జొరం, కడుపునొప్పి. భీమవరం హాస్పిటల్‌కి తీసుకొచ్చేం. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు తల్లీ. సూది తీస్తే చాలు, చెయ్యి విసిరికొడతంది. ఏదో చెబుతంది, మాకేమో అర్థమవదు. ట్యాబ్ తెచ్చేను, నువ్వు కనబడమ్మా."

నా ట్యాబ్ తీశాను. నల్లగా ఉంది. కొరికిన యాపిల్ బొమ్మ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మా ఆయన వైపు చూశాను. ఆయన ప్లేటు వైపు చూస్తున్నాడు.

నేను ఫోన్ చేస్తే బాబాయి గారు భోజనం మధ్యలో లేచి పైకి వచ్చారు. చేతికి పప్పుచారు అలాగే ఉంది. మా ఆయన్ని నిలదీశారు.

"ఏం చేశారు అల్లుడు గారూ?"

"ఏం చేయలేదండి."

"ఏమీ చేయకపోతే అదలా ఎందుకేడుస్తాది? చేసింది చెప్పండి. చేద్దామనుకున్నది నాకొద్దు."

"రాత్రి... సినిమాలొచ్చేది ఒకటి ఎక్కించానండి. ఫ్రీ అంటే."

ఛీ అనిపించింది. కట్టుకున్నవాడని కూడా చూడకుండా ఆ మాట పైకే అన్నాను. మా ఆయన నెట్‌లో వెతికి, "మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే బాగవుతుందట" అన్నాడు. బాబాయి గారు తల అడ్డంగా ఊపారు. "చెరిపితే కొత్త వెర్షనే ఎక్కుద్ది. దాని తాళం ఇంకా ఎవడికీ దొరకలేదు. ట్యాబ్ బతుకుద్ది గానీ అక్క కనపడదమ్మా."

రెండు బటన్లూ కలిపి నొక్కి ఆపారు. మళ్ళీ వెలిగించారు. యాపిల్, చీకటి. ఈసారి వెలిగేటప్పుడు వాల్యూము పెంచే బటను నొక్కి పట్టుకున్నారు. అలా పట్టుకుంటే పైన తగిలించినవేవీ లేకుండా లేస్తుందట. పప్పుచారు జిడ్డుకి వేలు జారిపోయింది. నేను టిష్యూ ఇచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టి చెయ్యి బనీనుకి తుడుచుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టేసరికి చార్జింగు అయిపోయింది. వైరు పెట్టి, అది ప్రాణం పోసుకునే దాకా ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. అక్కడ పాస్టరమ్మ గారు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నారు, వెనక అక్క గొంతు వినబడుతోంది. అక్కకి మాటలు లేవు గానీ గొంతు ఉంది. ఆ అరుపు నేను మళ్ళీ వినలేను.

ఈసారి బటను జారలేదు. తెర వెలిగింది. ఆయన మా ఆయన ఎక్కించిన చెత్తని వెతికి పీకేశారు. "ఇంకొక్కసారి ఆపి లేపాలి. అప్పుడే వీడియో కాల్ పనిచేస్తుంది. నీ దేవుడికి చెప్పుకో, నేను మా దేవుడికి చెప్తాను" అన్నారు. లేచింది.

అక్క మంచం మీద వంకర తిరిగి ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ లేచాయి. నొప్పి సంగతి కాదు అది చెబుతున్నది. పిర్ర మీద సూది పొడిచినట్టు చూపించి, బుగ్గలు ఉబ్బించి, గొంతు పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చిన్నప్పుడు పెన్సిలిన్ సూదితో దాని మొహం ఉబ్బిపోయి ఊపిరాడలేదు. అమ్మ దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తింది. పొద్దుటి నుంచి ఆ మాటే చెబుతోంది, ఆ సూది నాకు పడదు, పడదు అని. నేను అరిచాను: "డాక్టరు గారూ, పెన్సిలిన్ ఎలర్జీ!" ఆయన ట్రే వైపు చూసి, సిరంజి పట్టుకున్న నర్సుని ఆపారు. దాంట్లో ఉన్నది ఆ జాతి మందే.

అక్క చెయ్యి చాచి వేరే సూది వేయించుకుంది. బాబాయి గారు కుర్చీలో కూలబడి, లుంగీ అంచుతో మెడ తుడుచుకుని, "పనిచేసేదాని జోలికి పోకూడదు అల్లుడు గారూ" అన్నారు. తర్వాత నా కొత్త టేబుల్‌క్లాత్‌కి చెయ్యి తుడుచుకున్నారు. నేను దాని అంచు ఆయన వైపు ఇంకాస్త జరిపాను.

ఆయన పోయిన మర్నాడు పిన్ని గారి ఇంట్లో కూర్చున్నాను. ఆయన్ని కాకినాడ పంపే కాగితాలు ఇంకా తేలలేదు. ఫోన్లు ఇచ్చినవాళ్ళు వస్తున్నారు. పిన్ని గారు వాటిని మంచం మీద దుప్పటి పరిచి పెట్టారు. కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకుంటున్నారు. ఒకడు తనది వెలిగించి చూసుకుని, "ఆంటీ, సగమే చేశారు. ఇప్పుడు ఎవరు చేస్తారు?" అన్నాడు. ఆవిడ, "నాకు తెలీదు నాయనా" అన్నారు. నేను అతన్ని గుమ్మం దాకా నడిపించి తలుపు వేసేశాను. ఎంగిలి వేలితో స్క్రీను తుడిచే మనిషిని ఇన్నాళ్ళూ అసహ్యించుకున్నాను. చేతులు శుభ్రంగా ఉన్న ఇతన్ని చూస్తే అంతకు వందరెట్లు కంపరమెత్తింది.

ఆయన్ని విమానం ఎక్కించాక వచ్చిన శుక్రవారం అక్క కాల్ చేసింది. దానికి ఇంకా తెలియదు. ఆ రోజు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి దానికి: దారం ధర పెరగడం, పాస్టరు గారి దగ్గు, జాకెట్టు తిప్పి పంపిన ఎదురింటావిడ. మా అక్క చేతులు ఆగవు. సూదిలో దారం ఎక్కిస్తూ మాట్లాడుతుంది, అన్నం తింటూ ఎడమచేత్తో మాట్లాడుతుంది, నిద్రలో కూడా వేళ్ళు కదుపుతుందని అమ్మ అనేది. చివరికి ఆయన సంగతి అడిగింది. నేను చెంప కింద చెయ్యి పెట్టి కళ్ళు మూసి, ఆ చెయ్యి మెల్లిగా పైకెత్తాను. అమ్మ పోయినప్పుడు అక్క నాకు చెప్పింది అలాగే. అక్క మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

అక్క కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందనుకున్నాను. ట్యాబ్ మళ్ళీ పాడైందని బటను మీదికి వేలు పోనిచ్చాను. అప్పుడు కనబడింది, అక్క వెనక గోడ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.