మళ్లీ విప్పిన చాంబర్

ఏ ఇంజినూ పాడైపోవాలని మేస్త్రి ఇన్నేళ్ల పనిలో ఎన్నడూ కోరుకోలేదు. ఆ ఆదివారం మాత్రం, కన్నకూతురి వ్యాను ముందు గొంతుక్కూర్చుని, మనసులో అదే కోరుకున్నాడు. పోతే ఇంజినే పోవాలి గానీ తప్పు తన చేతిది కాకూడదని.

కూతురు ఆ వ్యానులో బడిపిల్లల్ని తిప్పుతుంది. మొగుడితో తెగతెంపులై పుట్టింటికి వచ్చాక, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతోందంటే ఆ బండి చలవే. ఇంజిన్ అడుగున ఆయిలు నిలవుండే తొట్టి ఉంటుంది, దాన్ని చాంబర్ అంటారు. ఆ చాంబర్ అంచు నుంచి చుక్కాచుక్కా కారుతోంటే, "బయట షెడ్డులో ఇద్దాం నాన్నా, నీకెందుకు శ్రమ?" అంది. మేస్త్రికి చుర్రుమంది. "నేను పోయాక ఇచ్చుకో" అని, ఇంటి వాకిట్లోనే చాంబర్ దించి, కడిగి, అంచు చుట్టూ గమ్ము పెట్టి బిగించి, కొత్త ఆయిలు పోశాడు. మర్నాడు కూతురు బండి తీసి వీధి మలుపు దాటిందో లేదో, ఎర్ర లైటు వెలిగింది. ఆయిలు నిండుగా ఉంది, ఆయిల్ ప్రెషరే లేదు. ఒంట్లో నెత్తురుండీ నాడి అందనట్టు. ఇరుగుపొరుగువాళ్లు తోసుకుంటూ ఇంటికి చేర్చారు.

ఇక మొదలయ్యాయి మేస్త్రి తిప్పలు. ప్రెషర్ తగ్గితే ఆ లైటు వెలిగించే స్విచ్చి అబద్ధం చెబుతోందేమోనని దాన్ని మార్చాడు. లైటు ఆరలేదు. స్విచ్చి పీకి, ఆ బెజ్జంలోనే ప్రెషర్ మీటరు బిగించాడు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే మీటరు ముల్లు ఠీవిగా లేచింది. కాసేపటికి ఓపిక చచ్చినట్టు కిందికి వాలిపోయింది. ఫిల్టరు మార్చాడు. మళ్లీ అదే తంతు. ఆదివారం మధ్యాహ్నానికి తలప్రాణం తోకకొచ్చింది.

"బేరింగులు అరిగిపోయుంటాయమ్మా," అన్నాడు చివరికి, కూతురి మొహం చూడకుండా. "పాత ఇంజిన్ కదా, ప్రెషర్ నిలవట్లేదు."

"అంటే ఏం చెయ్యాలి?"

"మొత్తం ఇంజిన్ దించి విప్పాలి."

"రేపు పొద్దున బండి రాకపోతే పిల్లల్ని ఇంకో వ్యానుకి అప్పగిస్తామన్నారు బడివాళ్లు. ఇంజిన్ దింపించే స్తోమత నాకెక్కడుంది నాన్నా? పాత బండ్లు కొనేవాడికి ఫోన్ చేస్తాను. ఎంతకో అంతకి పట్టుకుపోతాడు."

ఏడ్చినా బాగుండేది. ఏడవకుండా, కూరగాయలు కొనేటప్పుడు మాట్లాడినంత మామూలుగా ఫోన్లో మాట్లాడింది.

ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కొన్ని నెలలుగా వేళ్ల కొసల్లో స్పర్శ లేదు. షుగరు తినేసింది. టీ గ్లాసు జారిపోతే భార్య పరధ్యానం అనుకుంటుంది, ఆయన సరే పోనీ అని ఊరుకుంటాడు. వేళ్లు చచ్చిన మేస్త్రిని పనికి పిలిచేదెవరు? తన షెడ్డు మూసేశాక కూడా ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు బండి పెట్టుకుని నిలబడుతున్నారంటే, ఆయన మొహం చూసి కాదు, చెయ్యి చూసి. ఆ చెయ్యి కూడా పోయిందంటే ఇక తను ముసలాడు, అంతే. ఆ మాట ఆయనకి చావుకన్నా భయం.

భోజనానికి కూర్చుని కంచంలో అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. "ఏమండీ, అన్నం కలుపుతున్నారా, ఇంజిన్ ఓవరాయిలింగ్ చేస్తున్నారా?" అంది భార్య. ఆవిడకి ప్రతిదీ వేళాకోళమే. మేస్త్రి చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఊరికే ఉండలేక మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ముల్లు నిటారుగా లేచింది. అక్కడే ఆగి ఆలోచించాడు. ఇంజిన్ ఇంకా వేడిగానే ఉంది. బేరింగులు అరిగిన ఇంజినైతే వేడి మీద మొదటి నుంచే నీలుగుతుంది. ఇది లేచి, తర్వాత పడుతోంది. ఆపాడు. కాస్త ఆగి మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ లేచింది, మళ్లీ పడింది.

పొద్దుటి నుంచీ ఇది కళ్ల ముందే జరుగుతోంది. చూడదలుచుకోలేదు గనక చూడలేదు. చాంబర్ లోపల, పంపు ఆయిలు పీల్చుకునే గొట్టం మూతికి చిన్న జల్లెడ ఉంటుంది. ఇంజిన్ నడిచినంతసేపూ ఏదో చెత్త ఆ జల్లెడకి అతుక్కుని గొంతు నొక్కుతోంది. ఆపగానే ఊడి అడుక్కి పడుతోంది. ఆయిలు కాక ఆ చాంబర్లోకి కొత్తగా వెళ్లింది ఒక్కటే, తను పెట్టిన గమ్ము. గమ్ము దారప్పోగంత సన్నంగా పెట్టి, లోపలికి ఉబికినదాన్ని వేలితో తడిమి తీసెయ్యాలి. ఈ పని తిన్నగా చెయ్యనందుకు ఎంతమంది కుర్రాళ్ల వీపులు చీరేశాడో లెక్కలేదు. మొన్న తనూ తడిమాడు. వేలికి ఏమీ తగల్లేదు. ఏమీ లేదు కాబోలు అనుకున్నాడు.

పాత బండ్లు కొనేవాడు రానే వచ్చాడు. టైర్లు తన్ని చూసి, పెదవి విరిచాడు. కూతురు వ్యాను తలుపు తీసి లోపలి సామాను సంచీలో సర్దుతోంది. పిల్లలెవరో మర్చిపోయిన గొడుగు, ఒంటి సాక్సు, మూత లేని నీళ్ల సీసా. ఆ సాక్సుని దులిపి, మడతపెట్టి సంచీలో పెట్టింది. ఇప్పుడు నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. బండిని ఈడ్చుకుపోతారు, చాంబర్లో ఏముందో ఎవడూ చూడడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బండి అమ్మకు తల్లీ," అన్నాడు. మళ్లీ అన్నాడు, "అమ్మకు. ఇంజిన్ బాగానే ఉంది. నేను పెట్టిన గమ్మే ఊడి లోపల అడ్డం పడింది."

"గమ్మా? నువ్వు పెట్టింది ఊడడమేంటి?"

"వేళ్లు తెలియట్లేదమ్మా నాకు. చాన్నాళ్లయింది."

ఆమె సంచీ కింద పెట్టేసింది. "తెలిసీ బేరింగులన్నావా? నా బండి అమ్మించేదాకా వచ్చావా నాన్నా?"

తలుపు దగ్గర నిలబడ్డ భార్యకి జీవితంలో మొదటిసారి వేళాకోళం దొరకలేదు. కొనేవాడు ఇది తెమిలే బేరం కాదని గొణుక్కుంటూ తన బండెక్కి పోయాడు.

కూతురు పాత చీరముక్క నడుముకి చుట్టుకుని బండి కిందికి దూరింది. ఆయిలు దించి, ఆయన చెప్పిన వరసలో బోల్టులు తీసి, చాంబర్ బయటికి లాగింది. చాంబర్ అడుగున బూడిదరంగు గమ్ము పేలికలు, జల్లెడకి చిక్కుకున్నవి ఇంకొన్ని. గోటితో ఒక్కొక్కటీ పీకి ఆయన ముందున్న కాగితం మీద వేసింది. ఆయన చూస్తూ కూర్చున్నాడు. కొత్త గమ్ము కూడా తనే పెట్టింది. "సరిపోయిందా?" అని అడిగితే, మేస్త్రి అలవాటుగా వేలు చాచి, మధ్యలో వెనక్కి తీసుకున్నాడు. "లోపలంచు తడిమి నువ్వే చెప్పమ్మా," అన్నాడు.

గమ్ము గట్టిపడేదాకా ఆగి, పొద్దు వాలుతుండగా కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేశారు. ముల్లు లేచింది. ఇద్దరూ దాన్నే చూశారు. పది నిమిషాలు గడిచినా అది దిగలేదు. ఇంజిన్ కాగి రేకు వేడెక్కినా దిగలేదు.

కూతురు బండి దిగి వచ్చి తండ్రి పక్కన వాకిలి మెట్టు మీద కూలబడింది. అప్పుడొచ్చింది ఏడుపు. కోపమో సంతోషమో ఆమెకే తెలియదు. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం, పిల్లల్ని దింపేసి వస్తాను," అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. మేస్త్రి కిందికి చూశాడు. కూతురి వేలి కణుపులు తెల్లబడి ఉన్నాయి. తన చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఆయనకి అలా తెలిసింది.