అత్త తేల్చిన వరస

మొన్న సోమవారం పొద్దున నాయన దర్శికి ఫోన్ చేసి, "అమ్మా, మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. మార్కాపురంలో తన రెండు గదుల ఇంట్లో నిద్రలోనే పోయిందట. పాలు పోసే ఆమె పిలిచి పిలిచి, పక్కింటివాళ్ళను తీసుకొచ్చి తలుపు తెరిపించిందట. నాయనకు ఆమె అక్క, నాకు మేనత్త. పెళ్ళి చేసుకోలేదు. నన్నూ మా తమ్ముడినీ తన పిల్లలని ఏనాడూ అనలేదు కానీ, మాకు జ్వరం వస్తే మా అమ్మకంటే ముందు మంచం పక్కన తనే ఉండేది.

నేనీరోజు దర్శిలో ఈ ఇంటి కోడలినై ఉన్నానంటే మా అత్త వల్లనే. ఆమె సిఫారసు చేసి కుదిర్చిన పెళ్ళి కాదిది. మా వంశాన్ని వందేళ్ళకు పైగా వెనక్కి వెతికి, నాకూ నా భర్తకూ వరస ఏమిటో తేల్చింది. ఆమెను తలుచుకుంటే ముందు ఆ సంగతే చెప్పాలనిపిస్తుంది.

ఆమె గిద్దలూరులోనూ, తర్వాత మార్కాపురంలోనూ సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. చేతి గడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకునేది, రోగి నాడి చూస్తూనే సెకన్ల ముల్లు కనబడాలని. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంకో అలవాటూ పోలేదు. ఎవరు కనబడినా వాళ్ళ ఇంటి ముందు తరాల గురించి అడిగేది. "మీ నాయనకు ఆయాసం ఉండెనా? మీ అవ్వకు? అవ్వ పుట్టిల్లు ఏ ఊరు?" ఆసుపత్రిలో అది జబ్బు కోసం అడిగే ప్రశ్న. చాలామంది తాత పేరు దగ్గరే ఆగిపోయేవారట. "బతికినన్నాళ్ళు అంత కష్టపడతారు గదా, మనవడి కొడుక్కి పేరు కూడా తెలియకుండా పోతారు. నాకు బాగనిపించదు" అనేది.

రిటైరైన కొత్తలో ఒకరోజు మా ఇంట్లో అందరం అన్నాలు తింటున్నాం. నాయన మా తమ్ముడితో, "మనం రాతిబావోళ్ళం రా. ఏడు తరాల నుంచి ఈ నేల మనది" అంటున్నాడు. మా ఇంటిపేరు రాతిబావి. గిద్దలూరు దగ్గర మా ఊళ్ళో రాళ్ళు పేర్చి కట్టిన పాత దిగుడుబావి ఒకటి ఉంది. దాన్ని తవ్వించినాయనే మా మూలపురుషుడని, ఆ బావి వల్లే మాకు ఆ పేరు వచ్చిందని నాయన చెప్పుకోని రోజు లేదు.

అత్త ముద్ద కలుపుతూనే, "ఏడు పేర్లు చెప్పు" అంది.

నాయన మూడు పేర్లు చెప్పి, నాలుగోది నోట్లోనే గొణిగి, పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, నేను చూసొస్తా" అంది అత్త. మార్కెట్టుకు పోయొస్తానన్నంత మామూలుగా.

ప్రకాశం జిల్లా ఏర్పడకముందు మా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకని పాత రికార్డుల కోసం కర్నూలు పోవాల్సి వచ్చింది. సెలవుల్లో నన్ను కూడా వెంటబెట్టుకుపోయేది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, నల్లమల సొరంగాలు దాటి నంద్యాలలో దిగి, అక్కడి నుంచి బస్సు. మొదటిసారి వెళ్ళినప్పుడు రికార్డు గదిలో ఉన్న ఉద్యోగి, "ఏంది అమ్మా, భూమి తగాదానా?" అని అడిగాడు.

"తగాదా ఏమీ లేదు నాయనా. మా ముత్తాత నాయనను పలకరించి పోదామని వచ్చినాం."

ఆయన నవ్వి, కుర్చీ తుడిచి వేశాడు. ఆ తర్వాత మేము ఎప్పుడు వెళ్ళినా ఆ కుర్చీ మా అత్తకు ఉండేది.

పంతొమ్మిదో శతాబ్దపు భూమి రిజిస్టర్లు అవి. ఏ చేను ఎవరిది, హద్దులేవి, పట్టాదారు ఎవరు, అతని తండ్రి పేరేమిటి అని వరుసగా ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం లేకుండా, కలం ఎత్తకుండా రాసినట్టుండే ఆ తెలుగు మొదట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్త కాగితాన్ని ముట్టుకునేది కాదు. వేలు గాలిలో అక్షరాల మీదుగా నడిపిస్తూ, కాలిన గాయానికి కట్టు విప్పేటప్పుడు ఎంత ఓపిక పడుతుందో అంత ఓపికగా చదివేది. ఇంటికొచ్చాక పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు వంశవృక్షం గీసేది. ఆమెకొక కట్టుబాటు ఉండేది. ఇంట్లోవాళ్ళు చెప్పిందీ, తనకు తోచిందీ పెన్సిలుతో. రికార్డులో కళ్ళారా చూసి, ఇంకోచోట సరిచూసుకున్నదే పెన్నుతో. "నాకు తోచింది నిజమేమో. అయినా చూడకుండా పెన్ను పట్టను" అనేది. ఆమె నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

ఆ రోజుల్లోనే నేను మార్కాపురంలో బీఈడీలో చేరాను. మొదటిరోజు హాజరు పిలిచేటప్పుడు ఒకదాని వెంట ఒకటి రెండు రాతిబావి పేర్లు వచ్చాయి. "ఏం, అన్నాచెల్లెళ్ళా?" అని లెక్చరర్ అడిగితే క్లాసంతా నవ్వింది. అతనిది దర్శి. ఆ నవ్వుతోనే మాకు పరిచయమైంది. ఏడాది తిరిగేసరికి ఒకరిని విడిచి ఒకరం ఉండలేమని ఇద్దరికీ తెలిసిపోయింది.

ఇంట్లో చెప్పాను. నాయన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టి, "ఇంటిపేరు ఒకటే. వాళ్ళ నాయనా నేనూ ఎక్కడ కలిసినా అన్నా తమ్ముడా అనుకుంటాం. మీరు అన్నాచెల్లెళ్ళు అవుతారు. ఇంకొక్క మాట నా ముందర మాట్లాడొద్దు" అన్నాడు. దర్శిలో వాళ్ళ ఇంట్లోనూ అదే జవాబు. కోపం లేదు, కేకలు లేవు. దానికే భయమేసింది నాకు. కోపమైతే చల్లారుతుంది. వరస ఎట్లా మారుతుంది?

అత్త దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె మొత్తం విని, "నేను చూస్తా. కానీ ముందే చెప్తున్నా, నీ కోసం ఒక్క అక్షరం వంచను. మీరు అన్నాచెల్లెళ్ళని తేలితే మీ నాయనకంటే ముందు నేనే వద్దంటా. ఒప్పుకుంటావా?" అని అడిగింది.

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను?

మొదట దొరికిందంతా మాకు ఎదురుగానే ఉంది. బావి ఉన్న చేను దాన్ని తవ్వించినాయన పేరున, పక్క చేను అతని తమ్ముడి పేరున ఉన్నాయి. ఆ తమ్ముడి కొడుకులు దర్శి వైపు వలసపోయారు. అదే నా భర్త వాళ్ళ వంశం. ఎక్కడా తెగకుండా వచ్చింది ఆ గీత. అత్త దాన్ని నా కళ్ళ ముందే పెన్నుతో దిద్దింది. అన్న వంశం మేము, తమ్ముడి వంశం వాళ్ళు. నాయన చెప్పిందే నిజమైందని కూలబడిపోయాను.

అత్త సజ్జరొట్టె, పచ్చడి నా ముందు పెట్టింది. "తిను. ఏడుపు తర్వాత చూద్దాం. దర్శి వాళ్ళ గీత తేలింది. మన గీత ఇంకా పెన్సిలే. బావి తవ్వించినాయన దాకా పోతుందని మీ నాయన అన్నాడు గానీ నేను చూడలేదు."

తర్వాతి రిజిస్టరులో బావి చేను గురవయ్య అనే ఆయన పేరున ఉంది. మా నాయన గొణిగిన నాలుగో పేరు అదే. అయితే గురవయ్య తండ్రి పేరు దగ్గర బావి తవ్వించినాయన పేరు లేదు, మరెవరిదో ఉంది. నేనైతే రాసినవాడు తప్పు రాశాడనుకునేదాన్ని. అత్త అట్లా అనుకోలేదు. "కొడుకైతే తండ్రి పేరు ఎందుకు మారుతుంది? కొడుకు కాకపోతే చేను ఎట్ల వస్తుంది?" అంటూ రెండు నెలలు అదే ధ్యాసలో తిరిగింది. చివరికి పాత రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళలో జవాబు దొరికింది. బావి తవ్వించినాయనకు కొడుకులు లేరు. లక్షుమమ్మ అని ఒక్కతే కూతురు. వెలిగండ్ల వైపు నుంచి జొన్నచేల వారి అబ్బాయి గురవయ్యను ఇల్లటం తెచ్చుకున్నాడు. ఇల్లటమంటే అల్లుడిని ఇంట్లోనే ఉంచుకుని కొడుకులాగా ఆస్తి ఇవ్వడం. మా వైపు పాతకాలం నుంచి ఉన్న ఆచారమే. గురవయ్య ఆ ఇంట్లో ఉండటం వల్ల ఊరు అతన్నీ రాతిబావాయన అనే పిలిచింది. పిల్లలకు అదే ఇంటిపేరైంది.

అయితే మేము అన్నాచెల్లెళ్ళం కామని నేను ఎగిరి గంతేశాను. అత్త మాత్రం పెన్ను తీయలేదు. "ఇంకోచోట చూడాలి" అంది.

మరుసటి వారం కనిగిరి మీదుగా వెలిగండ్ల పోయాం. అడగ్గా అడగ్గా పక్క పల్లెలో జొన్నచేల వాళ్ళ ఇల్లు దొరికింది. దారిలోనే అత్త నన్ను హెచ్చరించింది, "పేరు మనం చెప్పకూడదు. వాళ్ళ నోటి నుంచే రావాల" అని. ఆ ఇంటి పెద్దాయన వాకిట్లో కూర్చుని కందులు ఎండబోస్తున్నాడు. అత్త పక్కనే కూర్చుని తనూ చేత్తో కందులు పలచగా నెరుపుతూ, ఆయన మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి, మెల్లగా ముందు తరాల్లోకి వచ్చింది.

"మీ ఇంటి నుంచి ఎవరన్నా దూరం పోయినారా అన్నా, ఎప్పుడన్నా?"

"పోలేదమ్మా. ఇచ్చినారు" అన్నాడాయన.

"ఇచ్చినారంటే ఏంది?"

"మా తాత చెప్తా ఉండె. నలుగురు అన్నదమ్ములంట. చిన్నోడిని గిద్దలూరు పక్క ఇచ్చినామని చెప్తా ఉండె. ఆడపిల్లను ఇచ్చినట్టు. వాళ్ళ అమ్మ బండి వెనకాల పొలిమేర దాకా ఏడుస్తా పోయిందంట. గురవయ్యంట ఆయప్ప పేరు."

అత్త చేతిలో కందులు అట్లాగే ఉండిపోయాయి. ఆమె కళ్ళు నిండటం నేను అప్పుడే చూశాను, అదే మొదటిసారి. "అయితే నువ్వు నాకు అన్న అవుతావు. మేము ఆ గురవయ్య పిల్లలం" అంది. ఆయన ఆమె మొహం చాలాసేపు చూసి, లోపలికి తిరిగి, "ఏమే, ఆడబిడ్డ వచ్చింది, కోడిని పట్టండి" అని కేకేశాడు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో, బండి ఆగినచోట, అత్త మా గీతను పెన్నుతో దిద్దింది.

నాయనకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. విన్నంతసేపూ నేల చూస్తూ విన్నాడు.

"అంటే మనం రాతిబావోళ్ళం కాదా?"

"మగవాళ్ళ వైపు నుంచి కాదు."

"నీ కోడలి పెళ్ళి కోసం నా ఇంటిపేరు పీకేస్తివి గదక్కా."

"పీకలేదు రా. ఆ పేరు మనకు లక్షుమమ్మ ఇచ్చింది. ఇన్నాళ్ళు ఆమె ఒకతి ఉండిందనే మనకు తెలియదు. బావి గురించి అంత చెప్తావు, ఇంక మీదట ఆమె గురించి కూడా చెప్పు."

నాయన కొన్ని వారాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. రోజూ పొద్దున పోయి ఆ బావి మెట్ల మీద కూర్చుని వచ్చేవాడు. అత్త ఆయన్ను తొందరపెట్టలేదు, బతిమాలలేదు. "అరుగుతుంది, టైము పడుతుంది" అనేది, మింగిన మాత్ర గురించి చెప్పినట్టు. ఒకరోజు ఆయనే వచ్చి, "దర్శికి ఎప్పుడు పోదాం?" అని అడిగాడు.

దర్శిలో పెద్దమనుషుల ముందు అత్త కాగితం పరిచింది. అక్కడొకాయన, "పిల్ల ముచ్చట పడిందని ఇదంతా అల్లినారేమో" అన్నాడు.

"మీ గీత కూడా నేను వెతికిందే అన్నా. దాన్ని నమ్ముతారా?" అంది అత్త. "మీరు బావి తవ్వించినాయన తమ్ముడి పిల్లలు. మేము ఆయన కూతురి పిల్లలం. ఒక ఇంట్లో మగబిడ్డ సంతానం, ఆడబిడ్డ సంతానం ఏ వరస అవుతారో మీకు నేను చెప్పేదేముంది? నమ్మకం లేకపోతే కర్నూలుకు రాండి. వెలిగండ్లకు రాండి. చార్జీలు నేనే పెట్టుకుంటా."

అప్పుడు నాయన, నాకు కాబోయే మామయ్య వైపు తిరిగి, కొంచెం సిగ్గుపడుతూ, "మంచినీళ్ళు ఇప్పించు బావా" అన్నాడు. అంతవరకూ అన్నా అని పిలిచిన మనిషిని. మామయ్య పకపకా నవ్వి తనే లేచి చెంబు తెచ్చాడు. మా పెళ్ళి ఆ నీళ్ళతోనే ఖాయమైంది. శుభలేఖలో నా పేరు ముందు ఏ ఇంటిపేరు వేయాలని నాయన అడిగితే, "రాతిబావే వెయ్యి. పేరులో తప్పు లేదు" అంది అత్త.

ఆ తర్వాత కూడా ఆమె ఆగలేదు. అడిగినవాళ్ళందరికీ వాళ్ళ పెద్దల్ని వెతికిపెట్టింది. చాలామందికి చేదు సంగతులే దొరికాయి. వాటినీ దాచకుండా, మెత్తగా చెప్పేది. నా బిడ్డ పుట్టినప్పుడు ఆసుపత్రికి వచ్చి, నాడి చూసి, సంచిలోంచి పెన్ను తీసి వృక్షంలో కొత్త కొమ్మ వేసి, "ఇది మటుకు నేను కళ్ళారా చూసిందే" అని నవ్వింది.

సోమవారం మధ్యాహ్నానికి అత్తను మా ఊరికి తెచ్చాం. ఎత్తబోయే వేళకు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెలిగండ్ల నుంచి జొన్నచేల వాళ్ళు. మగవాళ్ళంతా వచ్చారు. ఆ పెద్దాయన ఇప్పుడు నడవలేడు, ఇద్దరు పట్టుకుని దింపారు. "ఇంత దూరం ఈ ఒంటితో ఎందుకన్నా?" అని నాయన ఎదురుపోతే, "మా ఇంటి ఆడబిడ్డ పోతే మేము రాకుండా ఎట్ల? మైల మాకు కూడా ఉంది" అన్నాడు. పాడె ముందువైపు ఒక కొమ్ము నాయన పట్టాడు, రెండోది ఆ పెద్దాయన కొడుకు పట్టాడు.

కాటి నుంచి తిరిగి వచ్చాక అందరూ మా చేలో బోరు దగ్గర స్నానాలు చేశారు. పొడి బట్టలు తీసుకుని నేనూ పోయాను. పెద్దాయన ధార కింద చప్టా మీద కూర్చుని ఉన్నాడు. నాయన ఆయన వీపు మీద నీళ్ళు పోసి రుద్దుతున్నాడు. పనైపోయాక నాయన ఆయన తువ్వాలు తీసుకుని గట్టిగా పిండి, దులిపి, కంది చెట్ల మీద ఆరేశాడు. తన తువ్వాలు పిండి దాని పక్కనే ఆరేశాడు. గాలి విసురుగా ఉంది. కంది పూత వాటి మీద రాలుతూ ఉంది.