సైకిలు దిగే దైవాధీనం మాస్టారు

దైవాధీనం మాస్టారు సైకిలు తొక్కిన దూరం కంటే నడిపించుకుంటూ వెళ్ళిన దూరమే ఎక్కువ. దారిలో తెలిసిన మనిషి కనబడితే చాలు, దిగి పలకరించాల్సిందే.

“సీటు మీద కూచుని క్షేమం అడిగితే సగమే అడిగినట్టండీ” అనేవారు.

గుడివాడలో ఆయనకు తెలియని మనిషి లేడు. అందుకని ఆదివారం చర్చికి బయల్దేరితే ఆఖరి ప్రార్థనకు చేరేవారు. భార్య కృపావతి గారు రేపటి కూరకు వంకాయలు ఇవాళే తెమ్మని పంపేవారు. ఒకసారి గేదెను చూసి కూడా దిగారు. ఇదేమిటండీ అంటే, “శివరామయ్య గారి గేదె కదండీ. మొన్ననే ఈనింది” అన్నారు.

అలాంటి మనిషి 1958లో గుడివాడ నుంచి బందరుకు జరిగే సైకిలు పందేనికి పేరిచ్చారు. నలభై రెండేళ్ళ వయసులో, మొదటిసారి! ఒకే బళ్ళో పాఠాలు చెబుతున్న పాపానికి నేనే హెచ్చరించాను.

“పందెం మధ్యలో సైకిలు దిగకూడదు మాస్టారూ.”

“రూల్సులో అలా రాశారా?”

“రాయలేదు గానీ...”

“అయితే బాధ లేదు లెండి.”

గెలవాల్సినవాడు అంకమ్మరావు. మాస్టారు దివిసీమలో పాఠాలు చెప్పినప్పటి శిష్యుడే, గుడివాడలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. అప్పటికి రెండేళ్ళు వరసగా గెలిచాడు. మూడోసారి కూడా గెలిస్తే వెండి కప్పు శాశ్వతంగా అతనిదే.

నేను పందెం వెనకే వెళ్ళే లారీ ఎక్కాను. గుడ్లవల్లేరులో మాస్టారు మూడుసార్లు దిగారు. కవుతరంలో రెండుసార్లు. “ఎక్కండి మాస్టారూ!” అని నేను గొంతు చించుకుంటే, “ఒక్క నిమిషమండీ, రమణమ్మ గారి మోకాలు ఎలా ఉందో...” అని చెయ్యి ఊపేవారు. విచిత్రమేమిటంటే, దిగిన ప్రతిసారీ మళ్ళీ అందర్నీ అందుకునేవారు. రోజుకు యాభైసార్లు దిగి ఎక్కే కాళ్ళు కదా, ఇనప కడ్డీల్లా తయారయ్యాయి.

పెడన దగ్గరకు వచ్చేసరికి ముందు ఇద్దరే ఉన్నారు, గురువూ శిష్యుడూ. కాలవ వంతెన పక్కన ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. దివిసీమలో వ్యవసాయం చేసుకునే శోభనాద్రి గారు, అంకమ్మరావు తండ్రి. కొడుకు పొలం వదిలేసి సైకిళ్ళ కొట్టు పెట్టాడని మూడేళ్ళుగా మాటల్లేవు.

మాస్టారు దిగారు.

“నమస్కారం శోభనాద్రి గారూ, కులాసాయేనా?” అని, వెంటనే మూడో తరగతి గొంతుతో కేకేశారు. “ఒరే అంకమ్మా! నాన్నగారురా! దిగు!”

ఆ గొంతుకు అంకమ్మరావు చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయింది. దిగాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

“చిక్కిపోయావేరా” అన్నాడు తండ్రి.

“లేదు నాన్నా.”

వెనకవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతున్నారు.

“ఒరే, వాళ్ళు పోతున్నార్రా, ఎక్కు!”

“పోనీ నాన్నా.”

కప్పు బందరు కాలేజీ కుర్రాడికి పోయింది. తానెలా గెలిచాడో అతనికే అర్థం కాలేదు. నేను మాస్టారి మీద విరుచుకుపడ్డాను. “కుర్రాడి కప్పు పోగొట్టారు కదండీ!”

“తెలిసిన మనిషి కనబడ్డాడు. ఏం చెయ్యనండీ?” అన్నారు అమాయకంగా.

పది రోజుల తర్వాత అంకమ్మరావు షాపుకి వెళ్తే శోభనాద్రి గారు అక్కడే ఉన్నారు. ఆ రోజు పెడనకు ఏం పని మీద వచ్చారని అడిగాను.

“మీ మాస్టారి పనేనండీ. మూడు ఆదివారాలు వరసగా రేవు దాటి మా ఊరొచ్చారు. రెండుసార్లు పొమ్మన్నాను. మూడోసారి, ‘మీరు వంతెన దగ్గర నిలబడండి చాలు, వాణ్ణి దింపే పూచీ నాది. అందుకే పందేనికి పేరిచ్చాను’ అన్నారు.”

 పెద్దాయన పంపు అందుకుని ఎవరిదో సైకిలుకు గాలి కొట్టడం మొదలెట్టాడు.

“చాలు నాన్నా, ట్యూబు పేలుద్ది!” అన్నాడు అంకమ్మరావు లోపల్నుంచి.

“నాకు చెప్పొచ్చావా? నువ్వు పుట్టక ముందునుంచీ...”

ఢామ్మంది.