చివరి గడిలో ఎస్తేరమ్మ రాసిన మాటలు

ఆరేళ్లపాటు ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. నోటిదాకా వచ్చేది, మళ్లీ లోపలికి జారిపోయేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నేనెవరో మీకు తెలియదన్న ధైర్యం కూడా ఉంది. ఇదీ పిరికితనమేనా? కావచ్చు. ముందు చెప్పనివ్వండి.

మాది నాగర్‌కర్నూల్. చదువు కాగానే హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఫోన్ యాప్‌లు తయారుచేసే పనిలో చేరాను. పల్లెల్లో గర్భిణుల బాగోగులు చూసే ఒక సేవాసంస్థ మాకు పని అప్పగించింది. వాళ్ల కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బీపీ, బరువు కాగితాల మీద రాసుకునేవారు. ఆ కాగితాలు గద్వాలలో ఉండే డాక్టరమ్మకు చేరేసరికి వారం పట్టేది. యాప్ ఉంటే అప్పటికప్పుడే చేరతాయి. ఆ ప్రాంతం పిల్లను కదా అని తయారీ నాకిచ్చారు. కార్యకర్తలకు నేర్పించడమూ నా పనే.

వనపర్తిలో శిక్షణ పెట్టాం. ముప్పై మంది దాకా వచ్చారు. వాళ్లకు నేను పదే పదే చెప్పిన మాట ఒకటుంది. ఇకమీదట ఎవరూ డాక్టరమ్మకు ఫోన్లు చేయొద్దు, ఏదున్నా యాప్‌లో చివరి గడిలో రాయండి, ఆమె చూస్తారు. ఆ మాట ఎవరూ నాచేత చెప్పించలేదు. నా యాప్ మీద నాకున్న నమ్మకమే చెప్పించింది.

ఆఖర్న ఒకామె లేచింది. నలభై దాటి ఉంటాయి. ఎస్తేరమ్మ అందాం, అసలు పేరు కాదు. రాజోలి దిక్కు ఒక పల్లె. కూలి చేసుకునే ఇంట్లో పదో తరగతి పాసైన మొదటి మనిషి తానేనని పొద్దున పరిచయంలో చెప్పుకుంది. చివరి గడి మీద వేలు పెట్టగానే కింది నుంచి కీబోర్డు లేచి గడిని కప్పేస్తోందని, తను ఏం రాస్తోందో తనకే కనబడటం లేదని చెప్పింది. ఆమెది చిన్న తెర ఉన్న పాత ఫోను. నా ఫోను పెద్దది, అందులో అంతా కనబడుతోంది. తక్కినవాళ్లెవరూ ఏమీ అనలేదు. ఒక్కరికే వస్తే ఆ తప్పు ఫోనుదే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకుంటే పని తగ్గుతుందని అనుకున్నానా? కనబడకపోయినా రాయండి, అక్షరాలు పడతాయి అన్నాను. ఆమె తలూపి కూర్చుంది. ఆఫీసుకు వెళ్లాక ఫిర్యాదుల పట్టికలో దాన్ని ఎక్కించి, ఎదురుగా ‘వాడకం నేర్పాం’ అని రాసి మూసేశాను.

రెండు నెలలు గడిచాయి. ఎస్తేరమ్మ ఊళ్లోనే ఎనిమిదో నెల గర్భిణికి ఫిట్స్ వచ్చాయి. ఆమెను లక్ష్మి అంటాను. కర్నూలు తీసుకుపోయారు. లక్ష్మి బతికింది. బిడ్డ దక్కలేదు. అది ఆమెకు మొదటి కాన్పు.

అంతకు మూడు రోజుల ముందే ఎస్తేరమ్మ ఆ ఇంటికి వెళ్లి వచ్చింది. ఆనాటి వివరాలు యాప్‌లో ఉన్నాయి. బరువు ఉంది. బీపీ కాస్త ఎక్కువగా ఉంది. చివరి గడి ఖాళీ. ఆ ఒక్క అంకె చూసి, వచ్చే వారం మళ్లీ చూద్దామనుకున్నారట డాక్టరమ్మ.

సంస్థవాళ్లు ఎస్తేరమ్మను గద్వాల ఆఫీసుకు పిలిపించారు. యాప్ సంగతి తేల్చమని నన్నూ రమ్మన్నారు. ముఖం, కాళ్లు వాచాయి, తలనొప్పి తగ్గడం లేదు, కళ్లు మసకబారుతున్నాయి, వెంటనే చూడాలి అని తను రాశానంటోంది ఎస్తేరమ్మ. నేను ఆమె ఫోను తీసుకుని పక్క గదిలో కూర్చున్నాను.

చివరి గడి మీద వేలు పెట్టాను. కీబోర్డు లేచింది. గడి పోయింది. దాని కిందున్న సేవ్ బటను కూడా పోయింది. చూడకుండానే నాలుగు అక్షరాలు కొట్టాను. ఇప్పుడు సేవ్ నొక్కాలంటే కీబోర్డు దించాలి, దించాలంటే ఎవరైనా వెనక్కి వెళ్లే గుర్తే నొక్కుతారు. నొక్కాను. కీబోర్డు ఒక్కటే దిగలేదు. పేజీ మొత్తం మూసుకుపోయింది. పేర్ల జాబితా వచ్చింది. పై గడుల్లో అంకెలు నింపగానే వాటంతటవే సేవ్ అవుతాయి కాబట్టి పేరు పక్కన పచ్చటి టిక్కు కూడా పడింది. మళ్లీ తెరిచి చూశాను. చివరి గడి ఖాళీ.

ఇంకోసారి చేశాను. ఇంకోసారి. ఎన్నిసార్లు చేసినా అదే ఖాళీ గడి, అదే పచ్చటి టిక్కు. ఎస్తేరమ్మ ఆ టిక్కు చూసి, డాక్టరమ్మకు చేరిందని నమ్మి, నేను చెప్పినట్టే ఫోను చేయకుండా మూడు రోజులు ఎదురుచూసింది.

లేచి ఆ గదిలోకి వెళ్లాను. సంస్థ పెద్దాయన తలెత్తి, యాప్‌లో ఏమైనా లోపం ఉందా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఎస్తేరమ్మ నా వైపు తిరిగింది.

“నేను రాసిన మేడం. అక్షరాలు కనవడలే. కనవడకున్నా రాయమని మీరే చెప్తిరి గద. రాసిన.”

“లోపం లేదు సార్,” అన్నాను. “గడి ఖాళీగా ఉందంటే, రాయలేదనే.”

ఆ గొంతు నాదేనా అని అప్పుడే అనిపించింది. నన్నెవరూ బెదిరించలేదు. ఉద్యోగం పోతుందని ఎవరూ అనలేదు. ముందుగా ఏమీ అనుకుని కూడా వెళ్లలేదు. అబద్ధం అంత తేలిగ్గా, అంత మర్యాదగా, నీళ్లు కావాలా అని అడిగినట్టుగా నా నోట్లోంచి రావడం నాకు ఈనాటికీ నమ్మశక్యం కాదు. ఎస్తేరమ్మ కోప్పడలేదు. నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేశారు.

నేను హైదరాబాదు వెళ్లి యాప్‌ను సరిచేశాను. కీబోర్డు లేస్తే పేజీ పైకి జరిగి రాస్తున్న గడి కనబడేలా, వెనక్కి నొక్కితే ముందు కీబోర్డు మాత్రమే దిగేలా, రాసిన ప్రతి అక్షరం అప్పటికప్పుడే సేవ్ అయ్యేలా మార్చాను. మార్పుల చిట్టాలో ‘తెరలో చిన్న సవరణలు’ అని రాశాను. అడగకుండానే మెరుగుపరిచానని మా మేనేజరు మెచ్చుకున్నాడు. నేను థాంక్స్ చెప్పాను. చెప్పాను, అవును.

ఆ మాటలు చేరి ఉంటే డాక్టరమ్మ వెంటనే చూసేవారా? బిడ్డ బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడాన్ని అడ్డం పెట్టుకునే ఇన్నేళ్లు గడిపాను. బిడ్డ సంగతి తెలియదు సరే, ఎస్తేరమ్మ రాసిందని తెలుసు కదా? దానికేం జవాబు చెప్పుకోను?

రెండు నెలల కిందట నాగర్‌కర్నూల్ వెళ్లినప్పుడు మా నాన్న ఏదో దరఖాస్తు ఫోనులో నింపుతూ నన్ను పిలిచాడు. రాస్తుంటే డబ్బా కనబడటం లేదు, ఇదేందో చూడమని ఫోను నా చేతిలో పెట్టాడు. అది ఎవరో చేసిన యాప్, నాకు సంబంధం లేదు. కానీ కీబోర్డు వెనక సగం మునిగిన ఆ గడిని చూసి నేను కదలలేకపోయాను. ఏమైంది బిడ్డా అని నాన్న రెండుసార్లు అడిగాడు.

మరుసటి వారం రాజోలి బస్సెక్కాను.

ఎస్తేరమ్మ విత్తన పత్తి చేలో క్రాసింగ్ కూలికి పోతోంది. పువ్వుకు పువ్వు రుద్దే పని. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చింది, వేళ్లకు పచ్చటి పుప్పొడి. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. నేను మాట కూడగట్టుకుంటుండగా ఆమే మొదలుపెట్టింది.

“ఊరంతా రాయలేదు రాయలేదంటుంటే, నాగ్గూడ గట్లనే అనిపిస్తున్నది మేడం. రాయలేదేమో.”

ఆమె పని పోగొట్టానని తెలుసు. పేరు పోగొట్టానని తెలుసు. ఆమె చేతులు చేసిన పని మీద ఆమెకే నమ్మకం లేకుండా చేశానని మాత్రం ఆ క్షణందాకా తెలియదు.

“నువ్వు రాసినవ్ అక్కా,” అన్నాను. అంతా చెప్పాను. పక్క గది, ఖాళీ గడి, పచ్చటి టిక్కు, లోపం లేదన్న మాట.

మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఆ తర్వాత చేతులు కడుక్కుని లేచింది.

“నాకు చెప్తే ఏమొస్తది? లక్ష్మికి చెప్పు, నడు.”

దారిలో ఒకే సంగతి చెప్పింది. లక్ష్మికి మళ్లీ కాన్పు కాలేదు. ఆరేళ్లుగా ఆ ఇంటి గడప తను తొక్కలేదు.

లక్ష్మి అరుగు మీద శనక్కాయలు ఒలుస్తోంది. ఎస్తేరమ్మను చూసి ముఖం తిప్పుకుంది. నేను నిలబడే చెప్పాను. ఒలుస్తున్న చేతులు మెల్లగా ఆగిపోయాయి. నేను ముగించాక ఒక్కటే అడిగింది.

“గా తప్పు బాగుచేసేతందుకు ఎన్ని దినాలు పట్టింది?”

“ఒక పూట,” అన్నాను.

లక్ష్మి నన్ను చూడలేదు. ఎస్తేరమ్మ వైపు చూసింది. చాటలో శనక్కాయలు పక్కకు జరిపి లేచింది.

“లోపలికి రా అక్కా.”

ఇద్దరూ లోపలికి పోయారు. తలుపు వేయలేదు. నన్ను రమ్మనలేదు. కాసేపటికి లోపల ఎవరో ఏడుస్తున్నట్టు వినబడింది. ఇద్దరిలో ఎవరో తెలియలేదు. వినడానికి నాకు హక్కు లేదనిపించి బస్సు దగ్గరికి నడిచాను.

సంస్థకు కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. వస్తే ఏం రాస్తారో తెలియదు. మీరు నన్ను ఏమనుకున్నా కాదనను. ఇంత రాశాక ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది, అంతే. ఆ రోజు ఎస్తేరమ్మ రాసింది. పోగొట్టింది నా యాప్. దాచింది నేను.